2.5 కిలోల దగ్గర కుప్పపడ్డ బరువులు, 'తల్లిపాలు మాత్రమే' అన్న జవాబులు: పసిబిడ్డల అధ్యయనంలో వీటిని ఎంతవరకు నమ్మొచ్చు?

సామాజికవైద్యం_పిజి

నమస్కారం అండి. ఒక పీహెచ్‌సీ పరిధిలోని ఊళ్ళలో పుట్టిన బిడ్డల్ని ఆరు నెలలు నిండేదాకా వరుసగా కొలుస్తూ పోయే థీసిస్ ఇది. ప్రశ్న ఒక్కటే: ఆరు నెలలూ తల్లిపాల మీదే ఉన్న బిడ్డలకీ, మధ్యలో పోతపాలో మరొకటో కలిసిన బిడ్డలకీ ఎదుగుదలలో తేడా ఉంటుందా, ఉంటే ఎంత? పుట్టిన బరువు ఆసుపత్రి రికార్డు నుంచి తీసుకుంటున్నాం. ఆశా కార్యకర్తలు వెళ్ళే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లోనే మా వాళ్ళు కూడా వెళ్ళి కొలుస్తారు. ఆ తర్వాత నెలకోసారి.

పైలట్ డేటా పరిచి చూస్తే నాలుగు చోట్ల అనుమానం వచ్చింది.

1. రిజిస్టరు నుంచి ఎక్కించిన బరువుల్లో ఐదింట ఒకటి సరిగ్గా 2.5 కిలోలు. తర్వాతి కుప్పలు 3.0, 2.8 దగ్గర. 2.4 అన్న అంకె మాత్రం వెతికినా దొరకడం లేదు.

2. కొందరు బిడ్డలు నాలుగో నెలలో ఉన్నంత నిడివి ఐదో నెలలో లేరు.

3. "నిన్నటి నుంచి ఇవాళ్టి వరకు" ప్రశ్నకు తొంభై శాతం పైన "తల్లిపాలు మాత్రమే" అన్న జవాబే. అదే ఇంట్లో గూట్లో గ్రైప్ వాటర్ సీసా, దాని పక్కన ఉగ్గుగిన్నె.

4. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని ఏ చార్టు మీద పెట్టాలి?

ఇవన్నీ చివర్లో డేటా క్లీనింగ్‌లో సరిచేసుకోవచ్చా, లేక ఫీల్డులోనే పద్ధతి మార్చాలా?

---

తూనికరాయి

క్లీనింగ్‌తో పోయేవి కావండి ఇవి. బరువు సంగతి నేను చెబుతాను, మిగతావి ఆ పని తెలిసినవాళ్ళు అందుకుంటారు.

2.5 దగ్గర కుప్ప పడటానికి ఒక్క కారణం ఉండదు. మొదటిది త్రాసు. జోలె కట్టి వేలాడదీసే స్ప్రింగు త్రాసులో గీతకీ గీతకీ 100 గ్రాములు. బిడ్డ కాళ్ళు ఆడిస్తుంటే ముల్లు 2.4, 2.6 మధ్య ఊగుతుంది. చూసేవాళ్ళు మధ్యది రాస్తారు. రెండోది కాగితం పని. తక్కువ బరువు అంటే 2,500 గ్రాముల కంటే తక్కువ. 2,499 అయితే తక్కువ బరువు, 2,500 అయితే కాదు. ఒక్క గ్రాము తేడాతో అదనపు రికార్డు, ఎక్కువ సార్లు ఇంటికెళ్ళడం, పైవాళ్ళకు సంజాయిషీ. 2.4 రాయాలంటే చెయ్యి వెనకాడుతుంది. ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు, ప్రపంచమంతటా ఇదే జబ్బు.

మూడోది తూచిన వేళ. పుట్టిన బరువు అనాలంటే మొదటి గంటలోపు తూచింది కావాలి. నెలలు నిండిన బిడ్డ కూడా మొదటి మూడు నాలుగు రోజుల్లో 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, పది నుంచి పద్నాలుగు రోజుల్లో తిరిగి అందుకుంటుంది. 2,600తో పుట్టిన బిడ్డ 6 శాతం తగ్గితే మూడో రోజుకి 2,444. ఆ అంకెను 'పుట్టిన బరువు' గడిలో ఎక్కిస్తే మామూలు బిడ్డ తక్కువ బరువు జాబితాలోకి పోతుంది. కాబట్టి మీ ఫారంలో బరువు పక్కనే తూచిన గంట, నిమిషం రాసే గడి ఉండి తీరాలి. ఏ త్రాసు అన్నదీ ఉండాలి.

కుప్ప ఎంత పెద్దదో తేల్చడానికి చిన్న లెక్క. 10 గ్రాముల దాకా చూపే త్రాసయితే 2,450 నుంచి 2,540 వరకు పది అంకెలు. వాటిలో సరిగ్గా 2,500 పదో వంతుకు దగ్గర్లో ఉండాలి. సగం అక్కడే ఉంటే అది త్రాసు చెప్పింది కాదు, మనిషి చెప్పింది. ఆసుపత్రి వారీగా, షిఫ్టు వారీగా విడదీసి చూడండి. రాత్రి కాన్పుల్లో కుప్ప పెద్దదిగా ఉంటే కారణం మీకే అర్థమవుతుంది.

ఇప్పటికే ఉన్న డేటాను దిద్దకండి. సరిగ్గా 2,500 ఉన్నవాళ్ళలో నాలుగో వంతును తక్కువ బరువు కింద కలిపే సర్దుబాటు అంతర్జాతీయ అంచనాల్లో చాలాకాలం వాడారు. అయితే అది మొత్తం మీద శాతం చెప్పడానికే పనికొస్తుంది. ఆ నాలుగో వంతులో ఏ బిడ్డ ఉందో అది చెప్పదు. మీరు బిడ్డ వెంట బిడ్డను చూస్తున్నారు కాబట్టి మీకు దానితో పని జరగదు. 'తక్కువ బరువు అవును/కాదు' అన్న గీత మానేసి బరువును అంకెగానే వాడండి. గీత తప్పనిసరైతే 2,500 వాళ్ళని ఒకసారి ఇటు, ఒకసారి అటు వేసి రెండు ఫలితాలూ చూపండి.

ఈ గీతల మీదే పెద్ద పరిశోధనలు నిలబడి ఉన్నాయి. ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం నవజాత శిశువులకు ఏడు రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మేలుచేసే బ్యాక్టీరియానీ, దానికి మేత అయ్యే ఒక రకం పిండిపదార్థాన్నీ కలిపి ఇచ్చి చూసింది. 4,556 మంది బిడ్డలు. సెప్సిస్ (ఒళ్ళంతా పాకే తీవ్ర ఇన్ఫెక్షన్) గానీ మరణం గానీ ఇవ్వనివాళ్ళలో 9 శాతం, ఇచ్చినవాళ్ళలో 5.4 శాతం. 2017లో 'నేచర్'లో వచ్చింది. అందులో చేర్చుకోవడానికి షరతు: బరువు కనీసం 2,000 గ్రాములు, గర్భం కనీసం 35 వారాలు. త్రాసు 100 గ్రాములు అటూ ఇటూ అయితే ఫలితం ఎవరికి వర్తిస్తుందన్నదే మారిపోతుంది.

ఇక ఫీల్డులో. 10 గ్రాములు లేదా అంతకంటే సన్నంగా చూపే డిజిటల్ పసిపిల్లల త్రాసు కావాలి. తల్లిని బిడ్డతో నిలబెట్టి తూచి తల్లి బరువు తీసేసే పద్ధతి మూడు నెలల లోపు వద్దు, ఆ త్రాసులు 50, 100 గ్రాముల మెట్లలో చూపుతాయి. రోజూ పొద్దున బయల్దేరే ముందు ముద్ర ఉన్న 2 కిలోల, 5 కిలోల తూనికరాళ్ళు పెట్టి చూసి పుస్తకంలో రాయాలి. 10 గ్రాములకు మించి తేడా వస్తే ఆ త్రాసు ఆ రోజు బయటికి వెళ్ళకూడదు. చాలాసార్లు తప్పు బ్యాటరీది.

త్రాసును నులక మంచం మీద, పరుపు మీద పెట్టకండి. గచ్చు మీద, చదును చూసి పెట్టండి. పైన ఫ్యాన్ ఆపించండి, గాలికే చివరి అంకె నిలవదు. గుడ్డ పరిచి సున్నా చేసి, బిడ్డను బట్టలు లేకుండా పడుకోబెట్టాలి. తడిసిన డైపర్ ఒక్కటే 100 గ్రాములు దాటొచ్చు, నెల బిడ్డకి అది మూడు నాలుగు రోజుల ఎదుగుదల. మొలతాడు, మురుగులు, పట్టీలు తీయించండి.

రాసే గడి కిలోల్లో ఉంటే 2.5 అనే రాస్తారు. గ్రాముల్లో నాలుగు గడులు పెట్టండి, చివరి అంకె దాకా నింపక తప్పదు. కుప్పలు సగం అక్కడే కరుగుతాయి.

---

మూడోకొలత

నిడివి గురించి.

బిడ్డ పొట్టి అవదు, కొలత పొట్టి అవుతుంది. ఎంత తేడా మామూలో ముందు తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మగబిడ్డ నడిమి నిడివి పుట్టినప్పుడు 49.9 సెం.మీ., నెలకు 54.7. అంటే మొదటి నెలలోనే 4.8 సెం.మీ. అదే ఐదో నెలలో 65.9, ఆరో నెలలో 67.6. ఆ నెలంతా కలిపి 1.7 సెం.మీ. మాత్రమే. కొలిచే చెయ్యి అదే, తప్పూ అంతే, పెరుగుదల మాత్రం మూడో వంతుకు పడిపోయింది. అందుకే మీకు తప్పు నాలుగు, ఐదు నెలల మధ్య బయటపడింది. మొదటి నెలలోనూ అది ఉంది, పెరుగుదల కింద దాక్కుంది.

దీనికి అంకె కట్టొచ్చు. పది మంది బిడ్డల్ని ఒకే మనిషి రెండుసార్లు, మొదటి అంకె కనబడకుండా కొలవాలి. తేడాలు మి.మీ.లో 3, 5, 2, 6, 4, 1, 7, 3, 4, 5 వచ్చాయనుకోండి. వర్గాలు కూడితే 190. దాన్ని 20తో, అంటే బిడ్డల సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే 9.5. వర్గమూలం 3.1 మి.మీ. దీన్నే కొలతలో సాంకేతిక దోషం, టి.ఇ.ఎం. అంటారు. రెండు నెలల కొలతల తేడాలో ఈ దోషం రెండుసార్లు కలుస్తుంది కాబట్టి 1.41తో గుణించాలి, సుమారు 4.4 మి.మీ. వందలో తొంభై ఐదుసార్లు ఆ తేడా అసలు పెరుగుదలకి 8.6 మి.మీ. అటూ ఇటూ లోపల పడుతుంది. నెలకి 17 మి.మీ. పెరిగే బిడ్డను దీనితో కొలవొచ్చు, ఇబ్బందిగానైనా. టి.ఇ.ఎం. 6 అయితే కొలవలేరు. ఇద్దరు మనుషుల మధ్య టి.ఇ.ఎం. కూడా ఇలాగే కట్టండి, అది ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. కాబట్టి ఒక బిడ్డకి వీలైనంత వరకు అదే జత వెళ్ళాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల కోసం 1997 నుంచి 2003 వరకు ఆరు దేశాల్లో, మన దేశంలో దక్షిణ ఢిల్లీలో, దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచినప్పుడు పాటించిన నియమం మీరూ ఎత్తుకోవచ్చు. ఇద్దరు విడివిడిగా కొలిచి రాస్తారు. ఆ తర్వాతే పోల్చుకుంటారు. తేడా బరువులో 100 గ్రాములు, నిడివిలో 7 మి.మీ., తల చుట్టుకొలతలో 5 మి.మీ. దాటితే ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి. మీ దగ్గర సన్నటి త్రాసు ఉంటే బరువుకి 100 గ్రాములు చాలా వదులు, 20 పెట్టుకోండి.

పోయిన నెల అంకె ట్యాబ్‌లో కనిపిస్తే చెయ్యి అటే వెళుతుంది. దాచేయండి. రెండు కొలతలూ ఎక్కాక మాత్రమే యాప్ పాతదానితో పోల్చి, తగ్గితే మూడో కొలత అడగాలి. ఆ ఇంటి గడప దాటకముందే అడగాలి. ఆఫీసుకొచ్చాక చూసుకుంటే ఇక అది ఉత్త అనుమానమే.

కొలిచేటప్పుడు ఏం తప్పుతుందో చెబుతాను. టేపుతో కొలవకూడదు, తల దగ్గర కదలని పలక, కాళ్ళ దగ్గర జరిగే పలక ఉన్న ఇన్‌ఫాంటోమీటరే కావాలి. ఇద్దరు కావాలి, తల్లి మూడో మనిషి, ఆమెను సాయం మనిషిగా లెక్కపెట్టకండి. సాయం మనిషి బోర్డు తల వైపు మోకరించి, బిడ్డ చెవుల మీద అరచేతులు పెట్టి నడినెత్తి పలకకు ఆనేలా పట్టుకోవాలి. బిడ్డ చూపు నిట్టనిలువుగా పైకి ఉండాలి. గడ్డం ఛాతీ మీదికి వంగితే కొలత తప్పుతుంది, అందరూ వదిలేసేది ఇదే. కొలిచే మనిషి ఎడమ చేత్తో మోకాళ్ళను మెల్లగా చదును చేసి, కుడి చేత్తో పలకను అరికాళ్ళకు ఆనించాలి. పాదాలు నిటారుగా, వేళ్ళు పైకి. పుట్టిన కొత్తలో కాళ్ళు కడుపులో ముడుచుకున్నట్టే ఉంటాయి, బలవంతం చేయకూడదు. రెండూ రాకపోతే ఒక్క కాలు చాచినా చాలు, అలా చేశామని ఫారంలో రాయాలి.

మన ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించాక వెళితే బిడ్డ జారుతుంది, పైగా అప్పుడే సాంబ్రాణి వేసి నిద్రపుచ్చుతారు, లేపితే ఇల్లంతా మీ మీదికి లేస్తుంది. స్నానానికి ముందు వెళ్ళండి. ఆశా గారిని అడిగితే ఏ ఇంట్లో ఎప్పుడో చెబుతారు.

విశ్లేషణలో ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి. నిడివి జడ్-స్కోర్ల (ఆ వయసు నడిమి కొలతకు బిడ్డ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెల) ప్రామాణిక విచలనం, అంటే వాటి చెదురు, 1.3 దాటితే బిడ్డల్లో తేడాల కంటే కొలతలో గోలే ఎక్కువని అనుమానించాలి. నిడివికి తగ్గ బరువు స్కోరు 45 సెం.మీ. లోపు బిడ్డలకు రాదు, సాఫ్ట్‌వేర్ ఖాళీ వదిలేస్తే తప్పు మీదనుకోకండి.

---

ఉగ్గుగిన్నె

మూడో ప్రశ్న మీద. ఇది కొలత కంటే కష్టం.

ముందు నిర్వచనం గట్టిగా పట్టుకోండి. తల్లిపాలు మాత్రమే అన్న లెక్కలోకి రొమ్ము నుంచి పిండి తీసి పట్టిన తల్లిపాలు, మరో తల్లి పాలు కూడా వస్తాయి. విటమిన్ డి చుక్కలు, డాక్టరు రాసిన మందు, ఓఆర్ఎస్ ఇచ్చినా నిర్వచనం చెడదు. మంచినీళ్ళు ఒక్క చెంచా పోసినా చెడుతుంది. ఈ గీతను తల్లులు ఇలా గీయరు. వాళ్ళ లెక్కలో 'పాలు' అంటే పాలు. నీళ్ళు, తేనె, పంచదార నీళ్ళు, గ్రైప్ వాటర్, ఆముదం చుక్క, అరగదీసి నాకించే వసకొమ్ము, గాడిద పాలు ఇవేవీ 'తిండి' కాదు. కాబట్టి "తల్లిపాలే ఇస్తున్నావా అమ్మా?" అంటే "అవునండి" అన్న జవాబు అబద్ధం కాదు. ప్రశ్న తప్పు. పైగా మంచి తల్లి ఏమనాలో ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇలా అడగండి: "నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి ఇవాళ పొద్దున దాకా బిడ్డ నోట్లోకి ఏమేం పోయాయమ్మా? చుక్కైనా, నాకించినా చెప్పండి." ఆమె చెప్పింది రాసుకున్నాక జాబితా పేరుపేరునా చదవండి: మందులు, విటమిన్ చుక్కలు, నీళ్ళు, కాచి చల్లార్చిన నీళ్ళు, చక్కెర నీళ్ళు, తేనె, గ్రైప్ వాటర్, వస, ఆముదం, ఆవుపాలు, గేదెపాలు, గాడిద పాలు, డబ్బా పాలు, ఉగ్గు, బిస్కెట్ నానబెట్టింది. ప్రతిదానికీ ఉంది, లేదు అని వేరే గడి. జాబితాలో మొదట మందులు, విటమిన్ చుక్కలు పెట్టండి, అవి చెప్పడానికి సంకోచం ఉండదు కాబట్టి మిగతావాటికి దారి పడుతుంది. స్నానం చేయించేది అమ్మమ్మో నాయనమ్మో, లేదా స్నానానికి వచ్చే ముసలమ్మో అయితే ఆముదం, వస సంగతి ఆమెకే తెలుసు. ఆమెనూ అడగండి, కానీ విడిగా. అత్తగారి ముందు కోడలు "పోతపాలు పట్టాను" అనదు.

తేనె నాకించారని తెలిస్తే రాసుకుని ఊరుకోకండి. ఏడాది లోపు బిడ్డకి తేనెతో బొట్యులిజం (కండరాలు చచ్చుబడే విషజబ్బు) ప్రమాదం ఉంది, అది అక్కడే చెప్పి రావాలి. దానివల్ల మీ అధ్యయనం కొంచెం 'చెడుతుంది'. చెడనివ్వండి.

ఇంకో పెద్ద పొరపాటు. 24 గంటల ప్రశ్న నిన్నటి ఒక్క రోజు ఫోటో. దాన్ని 'ఆరు నెలలు తల్లిపాల మీదే ఉన్న బిడ్డ' అని చదవకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో దేశం మొత్తానికి 63.7 శాతం అన్న అంకె ఉంది. దాన్ని చాలామంది ఆరు నెలలు పూర్తిగా తాగినవాళ్ళ శాతం అనుకుంటారు. ఆరు నెలల లోపు అన్ని వయసుల బిడ్డల్లో నిన్న వేరేది ముట్టనివాళ్ళ శాతం అది. వారం బిడ్డలూ అందులో ఉన్నారు, ఐదు నెలల బిడ్డలూ ఉన్నారు. మీరు పుట్టినప్పటి నుంచి వెళుతున్నారు కాబట్టి మీకు మంచి అవకాశం: ప్రతిసారీ మూడు ప్రశ్నలు. నిన్నటి 24 గంటలు, పోయినసారి మేం వచ్చి వెళ్ళిన దగ్గర నుంచి, పుట్టినప్పటి నుంచి. మూడో జవాబు మొదటి సందర్శనలోనే తీసుకోవడం ముఖ్యం. ముర్రుపాలు పిండి పారబోశారా, తల్లిపాలకు ముందు నోట్లో ఏం వేశారు అన్నవి మూడో రోజు చెబుతారు, మూడో నెలలో మరిచిపోతారు.

తేదీ గుర్తుకు రాకపోతే మన గుర్తులు వాడుకోవాలి. "డబ్బా పాలు ఎప్పుడు మొదలుపెట్టారు?" అంటే "తెలీదండి". "పురిటి స్నానానికి ముందా, తర్వాతా? బారసాలకి ముందా? అత్తగారింటికి వచ్చాకా?" అంటే రోజుల్లో జవాబు వస్తుంది.

---

సామాజికవైద్యం_పిజి

అందరికీ ధన్యవాదాలు. గ్రాముల గడులు, దాచిన పాత కొలత, జాబితా ప్రశ్నలు ఈ వారంలోనే ఫారంలోకి వెళ్తాయి. ఒక సందేహం: జవాబుల మీద ఇంత అనుమానం ఉన్నప్పుడు డ్యుటీరియం పద్ధతి కొందరి మీదైనా చేయాలా? లేక పాలిచ్చే ముందు, తర్వాత బిడ్డను తూచి చూస్తే చాలా?

---

ఉగ్గుగిన్నె

ముందూ వెనకా తూచడం మీ పని కాదు. ఒక్కో విడతకి 60, 70 గ్రాములు తాగే బిడ్డకి 10 గ్రాముల త్రాసు పెడితే తప్పే ఏడో వంతు. 24 గంటలూ ఎవరో ఒకరు ఆ ఇంట్లో కూర్చోవాలి, రాత్రి విడతలు కూడా. కూర్చున్న రోజు ఆ ఇంట్లో ఎవరూ గ్రైప్ వాటర్ సీసా ముట్టరు.

డ్యుటీరియం మంచి పద్ధతి. బిడ్డకి కాదు, తల్లికి ఇస్తారు. డ్యుటీరియం ఆక్సైడ్ అంటే రేడియోధార్మికత లేని భారజలం, 30 గ్రాములు. ఇవ్వకముందు ఇద్దరి లాలాజలం, తర్వాత 1, 2, 3, 4, 13, 14 రోజుల్లో మళ్ళీ ఇద్దరిదీ. తల్లి ఒంట్లోంచి అది తగ్గుతూ పోవడం, పాల ద్వారా బిడ్డలో పెరిగి తగ్గడం చూసి బిడ్డ రోజుకి ఎన్ని గ్రాముల పాలు తాగిందో, పాలు కాని నీరు ఎంత పోయిందో రెండూ లెక్క కడతారు. ఆ రెండోదే మీకు కావాల్సింది, అబద్ధం చెప్పలేని అంకె. తప్పులు జరిగేది ఎక్కడంటే: మోతాదు కొంచెం ఒలికినా లెక్కంతా పోతుంది, అందుకే స్ట్రాతో తాగించి, అదే సీసాలో కొంచెం నీళ్ళు పోసి కడిగి మళ్ళీ తాగిస్తారు. బిడ్డ పాలు తాగిన వెంటనే దూది తిప్పితే లాలాజలం బదులు పాలొస్తాయి, కనీసం పావుగంట ఆగాలి. మూత సరిగా బిగించకపోతే ఆవిరై సాంద్రత మారుతుంది.

గీత ఎక్కడ గీయాలన్నది కూడా తెలుసుకోండి. పాలు కాని నీరు రోజుకి 25 గ్రాములు దాటితే 'మాత్రమే' కాదు అని మొదట్లో పెట్టుకున్నారు. తర్వాత దాన్ని 86.6కి పెంచారు. పాత వ్యాసం పట్టుకుని 25 వాడితే నిజంగా తల్లిపాల మీదే ఉన్నవాళ్ళూ తప్పుతారు.

---

తూనికరాయి

ఉగ్గుగిన్నె గారితో ఒక్కచోట విభేదిస్తాను. పిజి థీసిస్‌కి డ్యుటీరియం వద్దు. పరికరం, నమూనాల శీతలీకరణ, ఒక్కో తల్లికి రెండు వారాల్లో ఏడుసార్లు వెళ్ళడం. ఆ ఖర్చు, మనుషులు ఉంటే మూడో మనిషితో కొలతలు మళ్ళీ తీయించడం మీద పెట్టండి.

అసలు ఇబ్బంది వేరే ఉంది, అది మీ ప్రశ్నలోనే ఉంది. బిడ్డ సరిగా పెరగకపోతేనో, ఏడుపు మానకపోతేనో "పాలు చాలడం లేదు" అని డబ్బా మొదలుపెడతారు. అంటే ఎదుగుదల ముందు తగ్గింది, డబ్బా తర్వాత వచ్చింది. ఆరు నెలల చివర లెక్క కడితే డబ్బా వల్లే తగ్గినట్టు కనిపిస్తుంది. దీని రివర్సు కూడా ఉంది: తల్లి పనికి వెళ్ళాల్సి వచ్చి డబ్బా పట్టిన బిడ్డ బాగా పెరగొచ్చు. అందుకే ప్రతి సందర్శనలో "మొదలుపెట్టింది ఎందుకు?" అన్న గడి పెట్టండి. విశ్లేషణలో ఒక సందర్శనలోని ఆహారాన్ని దాని తర్వాతి సందర్శనలోని బరువుతో జత చేయండి, అదే రోజు బరువుతో కాదు. అంతకు ముందరి బరువును కూడా లెక్కలో ఉంచండి.

ఈ చిక్కు తెలిసే పెద్ద పరిశోధకులు ఏ తల్లి ఏం పట్టాలన్నదాన్ని కాదు, తల్లిపాలకు ప్రోత్సాహం ఎక్కడ ఇవ్వాలన్నదాన్ని లాటరీ వేశారు. బెలారస్‌లో మైఖేల్ క్రామర్ బృందం 31 ఆసుపత్రుల్లో 17,046 మంది తల్లీబిడ్డల మీద చేసింది, 2001లో ఫలితాలు వచ్చాయి. మూడో నెలలో తల్లిపాలు మాత్రమే: ప్రోత్సహించిన చోట 43.3 శాతం, మామూలు చోట 6.4. విరేచనాల జబ్బులు 13.2 శాతం నుంచి 9.1కి తగ్గాయి. హర్యానాలో నీతా భండారీ బృందం ఊళ్ళకు ఊళ్ళే లాటరీ వేసి చేసిన ప్రయోగంలో, 2003లో వచ్చింది, మూడో నెలకి తల్లిపాలు మాత్రమే ప్రోత్సహించిన ఊళ్ళలో 79 శాతం, మిగతా ఊళ్ళలో 48 శాతం. విరేచనాలు తగ్గాయి. బరువు, నిడివుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీకూ తేడా రాకపోతే అధ్యయనం విఫలమైందని అనుకోకండి. విరేచనాల ప్రశ్న కూడా ఫారంలో ఉందా? లేకపోతే ఇవాళే చేర్చండి.

---

నెలలలెక్క

నాలుగో ప్రశ్న మిగిలిపోయింది.

నెలలు నిండలేదని ఎలా తెలిసిందన్నది ముందు చూడండి. కార్డులో రెండు తేదీలు ఉంటాయి, ఆఖరి నెలసరి నుంచి కట్టింది, స్కానింగు నుంచి కట్టింది. 14 వారాల లోపు తీసిన స్కాన్ ఉంటే, నెలసరి లెక్కకు దానికి తేడా వారం దాటితే స్కాన్‌నే తీసుకోండి. 9 వారాల లోపు స్కాన్ అయితే 5 రోజుల తేడాకే. ఏడో నెలలో మొదటిసారి తీసిన స్కాన్ వయసు చెప్పదు. అప్పటికి బిడ్డ చిన్నగా ఉంటే 'వారాలు తక్కువ' అంటుంది, నిజానికి అది కడుపులో ఎదగని బిడ్డ కావొచ్చు. ఏ ఆధారంతో కట్టారో ఒక గడిలో రాసి, ఆధారం బలహీనమైనవాళ్ళను విడిగా చూపండి.

చార్టు: పుట్టినప్పటి కొలతలకు ఇంటర్‌గ్రోత్-21 అనే అంతర్జాతీయ ప్రాజెక్టు ప్రమాణాలు. ఎనిమిది దేశాల్లో చేశారు, మన దేశం నుంచి నాగపూర్ ఉంది. పుట్టాక నెలలు నిండనివాళ్ళకు అదే ప్రాజెక్టు ప్రసవానంతర ప్రమాణాలు, గర్భం మొదలైనప్పటి నుంచి 64 వారాల దాకా. అక్కణ్ణుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు, సరిచేసిన వయసుతో. 34 వారాలకు పుట్టిన బిడ్డకి ఎనిమిది వారాలు నిండితే లెక్కలో 42 వారాలు, అంటే సరిచేసిన వయసు రెండు వారాలే. ఆ బిడ్డను రెండు నెలల బిడ్డల గీత మీద పెడితే తీవ్ర బరువు లోపం అని వస్తుంది, తల్లిని కంగారుపెట్టి డబ్బా పట్టిస్తారు. చార్టు తప్పు మీ ఫలితాన్నే కాదు, మీరు కొలుస్తున్న ఆహారాన్ని కూడా మార్చేస్తుంది.

ఇది ఎవరూ అడగలేదు కానీ చెబుతున్నాను. తొలికాన్పు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో అత్తగారింటికి వెళ్ళిపోతారు. మీ పీహెచ్‌సీ ఊళ్ళలో పుట్టినవాళ్ళలో తొలిచూలు బిడ్డలు అలా జారిపోతారు. బయటి నుంచి వచ్చేవాళ్ళకు పుట్టిన బరువు మీ దగ్గర ఉండదు. చేర్చుకునే రోజే రెండు ఊళ్ళ పేర్లు, అమ్మ ఫోనుతో పాటు అమ్మమ్మ ఫోను, వెళ్ళబోయే నెల రాసుకోండి. ముప్ఫై కిలోమీటర్ల లోపు అయితే వెళ్ళి కొలుస్తామని ప్రోటోకాల్‌లోనే పెట్టి ఎథిక్స్ కమిటీకి చూపండి.

ఫీల్డు మనుషులకు ప్రమాద సంకేతాలు నోటికి వచ్చి ఉండాలి: పాలు సరిగా తాగకపోవడం, మూర్ఛ, నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాసలు, డొక్కలు లోపలికి గుంజుకోవడం, జ్వరం 38 డిగ్రీలు లేదా పైన, ఒళ్ళు 35.5 కంటే చల్లబడటం, కదిలిస్తే తప్ప కదలకపోవడం. ఒక్కటి కనబడినా త్రాసు పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి. ఆ రోజు కొలత ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, కారణం రాస్తే చాలు.

---

సామాజికవైద్యం_పిజి

చివరిగా చిన్నది. దిష్టి తగులుతుందని మొలతాడు, కాళ్ళ పట్టీలు తీయనివ్వని ఇళ్ళు కొన్ని ఉన్నాయి. బిడ్డ బరువు ఆ ఇంటి వరకు వదిలేయాలా?

---

తూనికరాయి

వదలకండి. ఉన్నవాటితోనే తూచి, ఏం ఉన్నాయో గడిలో గుర్తు పెట్టండి: నల్లతాడు, వెండి మొలతాడు, పట్టీలు, మురుగులు. నల్లతాడు ఒక్కటే అయితే లెక్కకే రాదు. వెండివి అయితే అవి ఎన్ని తులాలో ఇంట్లోవాళ్ళకి గ్రాముతో సహా తెలుసు, అడగండి, తులం అంటే ఎన్ని గ్రాములని వాళ్ళ లెక్కో కూడా అడగండి. కొన్న రసీదు ఉంటే ఇంకా మంచిది. బరువులోంచి ఫీల్డులో తీసేయకండి, తూచిన అంకె ఒక గడి, నగల బరువు ఇంకో గడి. తీసివేత కంప్యూటరు చేస్తుంది. నాలుగో నెలలో పట్టీలు మార్చి పెద్దవి వేస్తారు, అప్పుడు మళ్ళీ అడగాలి.